ఉయ్యాలా ఉండాలి, ఏసీ గొట్టమూ పోవాలి

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. స్కేలు పెట్టి ఇంటి ప్లాను కూడా గీసి పంపారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

పాత మండువా పెంకుటిల్లు దించేసి అదే స్థలంలో 40 అడుగులకు 40 అడుగుల డాబా కడుతున్నారు. తూర్పు ముఖం. శ్లాబు పడింది, సెంట్రింగు విప్పారు, వచ్చే వారం ప్లాస్టరింగు. డబ్బులో సగం పైన అమెరికాలో ఉన్న అబ్బాయిది. "ఇల్లంతటికీ ఒకటే ఏసీ పెట్టండి, గొట్టాలతో. గోడలకి డబ్బాలు వేలాడకూడదు" అని అతని పట్టుదల. అక్కడ తన ఇంట్లో గాలి నేలలోంచి వస్తుందని ఫోటోలు కూడా పంపాడు. తాపీ మేస్త్రీ "బీముకి చిన్న కన్నం పెట్టేద్దాం అమ్మగారూ, ఏం కాదు" అంటున్నాడు. ఏసీ పని చేసే కుర్రాడు మేడ మీదుగా వేద్దాం, ఇంట్లో ఏమీ కనపడదు అంటున్నాడు. 86 ఏళ్ళ మామగారు "నా గదిలోకి ఆ గొట్టం వచ్చిందంటే నేను అరుగు మీదే పడుకుంటా" అన్నారు. హాలంతా ఫాల్స్ సీలింగు వేస్తే, పోయిన అత్తగారి ఉయ్యాల బల్ల కోసం శ్లాబులో పెట్టించిన కొక్కేలు దాని వెనక పడిపోతాయి. భర్త "మీ తల్లీకొడుకులు తేల్చుకోండి" అని చేతులు దులుపుకున్నారు. "ఎటు చెప్పినా ఇంట్లో ఒకరి మాట తీసేసినట్టవుతుంది. దారి చెప్పండి" అని అడిగారు.

టీచరు గారూ, మీ ఉత్తరంలో రెండు తగాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఒకటి ఎవరి మాట నెగ్గాలన్నది. రెండోది గొట్టం ఎటు పోవాలన్నది. రెండోదానికి జవాబు మీరు గీసిన ప్లానులోనే చాలావరకు ఉంది. అది తేలితే మొదటిది సగం చల్లారుతుంది.

అబ్బాయి పంపిన బొమ్మతో మొదలుపెడదాం. చలి దేశాల్లో గాలి నేలలోంచి రావడానికి కారణం ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇల్లు వెచ్చబెట్టాలి. వేడి గాలి పైకి లేస్తుంది, కిటికీ అద్దం దగ్గర చలి దిగుతుంది, అందుకే కిటికీ కింద నుంచి వదులుతారు. మనకి కావలసింది చల్లగాలి. అది కిందికి జారుతుంది కాబట్టి పైనుంచే వదలాలి. నేల కిందైతే మీకు పునాదుల్లో నింపిన ఇసుక, దాని కింద వానాకాలంలో చేతికందే ఊటనీరు. అక్కడ రేకు గొట్టం పెడితే రెండో వర్షాకాలానికి అది కాలవ అవుతుంది. వెచ్చబెట్టే సదుపాయం కూడా ఉన్న యంత్రం కొనమని అబ్బాయి అంటే, డెల్టాలో సంక్రాంతి చలికి దుప్పటి చాలని చెప్పండి. ఆ డబ్బు మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పూతకో, చలువ పెంకులకో పెడితే వేసవిలో అందరూ సుఖపడతారు. ఎన్ని టన్నులు కావాలో తేల్చే ముందే ఆ పని అనుకోవడం మేలు.

మేస్త్రీ మాట గురించి మాత్రం ఇది వద్దు, అది చూద్దాం అనే బేరం లేదు. మీ బీము శ్లాబుతో కలిపి 18 అంగుళాలు. శ్లాబు 5 తీసేస్తే కిందికి కనపడేది 13 అంగుళాలు. గొట్టానికి ఎంత తక్కువన్నా 10 అంగుళాల కన్నం కావాలి. ఇక మిగిలేది 3 అంగుళాల కాంక్రీటు, తెగిపోయిన రింగులు (కడ్డీల చుట్టూ కట్టే ఇనుప చుట్లు). బీము కింది కడ్డీలు లాగుడును మోస్తాయి, రింగులు బీమును అడ్డంగా తెంచే కోత బలాన్ని ఆపుతాయి. స్తంభం దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ కోత బలం పెరుగుతుంది. మేస్త్రీ చూపించిన చోటు సరిగ్గా స్తంభం పక్కనే. బీముకు కన్నం అవసరమని ముందే తెలిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరు శ్లాబు పోయకముందు కన్నం కోసం స్లీవు (గొట్టం ముక్క) పెట్టించి, చుట్టూ కడ్డీలు పెంచుతాడు. ఆ రోజు దాటిపోయింది. "ఇంజనీరు సంతకం పెడితే కొట్టు" అనండి, మేస్త్రీ తనే వెనక్కి తగ్గుతాడు.

మేడ మీది దారి పైకి సులువుగా కనిపిస్తుంది. ఇంట్లో సీలింగు దిగదు, ఉయ్యాల కొక్కేల జోలికి ఎవరూ పోరు. కానీ 13, 14 డిగ్రీల గాలిని రోహిణి కార్తె ఎండలో కాలిపోతున్న మేడ మీదుగా 40 అడుగులు నడిపించాలి. 24 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు గొట్టానికి 25 మిల్లీమీటర్ల ఇన్సులేషను చుట్టినా, మిట్టమధ్యాహ్నం లెక్క వేస్తే దాదాపు పావు టన్ను చలవ దారిలోనే పోతుంది. 13 మిల్లీమీటర్లే చుడితే అర టన్నుకు దగ్గర పడుతుంది. కరెంటు బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది. పైగా ప్రతి గదికీ శ్లాబులో ఒక కన్నం పెట్టాలి. దాని చుట్టూ కనీసం 6 అంగుళాల గట్టు కట్టకపోతే ప్రతి కన్నమూ వాన నీరు దిగే చోటే. ఇక ఉప్పుగాలికి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు అతుకుల దగ్గర ముందు తుప్పు పడుతుంది. 1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమ, పశ్చిమ డెల్టా వాళ్ళకి మేడ మీద రేకు సంగతి నేను చెప్పక్కర్లేదు. మీ ఇంటికి నేనైతే ఈ దారి ఎంచుకోను. ఒకవేళ ఎంచుకుంటే రెండు వైపులా అల్యూమినియం, మధ్యలో గట్టి నురుగు ఉండే పీఐఆర్ ప్యానెల్ గొట్టం, దాని మీద రేకు కప్పు, కాంక్రీటు దిమ్మెలకు బోల్టులు తప్పనిసరి. వీటన్నిటి ఖర్చూ ఏసీ కుర్రాడు చెప్పిన అంచనాలో ఉందేమో అడగండి.

ఇక మీ ప్లాను. పడమటి వైపు నైరుతిలో మీ గది, వాయవ్యంలో మామగారి గది. రెంటి మధ్యా రెండు బాత్రూములు. వాటి ముందు 4 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు నడవ. నడవకు తూర్పున 16 అడుగులకు 22 అడుగుల హాలు. మీరంతా హాలు సీలింగు గురించి కొట్టుకుంటున్నారు గానీ, ఇంట్లో సీలింగు దించినా ఎవరికీ నొప్పి పుట్టని చోటు ఆ నడవ ఒక్కటే. అక్కడ ఎవరూ కూర్చోరు, ఫ్యాను ఉండదు, ఉయ్యాల ఉండదు.

నడవకీ హాలుకీ మధ్య గోడని నేల నుంచి పైకి చూడండి. 7 అడుగుల దగ్గర లింటెల్ (ద్వారం మీది కాంక్రీటు పట్టీ), దాని మందం 6 అంగుళాలు. అంటే 7 అడుగుల 6 అంగుళాల వరకు కాంక్రీటు. శ్లాబు అడుగు 10 అడుగుల 6 అంగుళాల దగ్గర ఉంది, బీము 13 అంగుళాలు దిగింది, కాబట్టి బీము అడుగు 9 అడుగుల 5 అంగుళాల దగ్గర. ఈ రెంటి మధ్యా 23 అంగుళాల ఎత్తున ఒట్టి ఇటుక గోడ ఉంది. గొట్టం ఎత్తు 8 అంగుళాలు, పైనా కిందా అంగుళం చొప్పున ఇన్సులేషను, మొత్తం 10. సర్దుబాటుకి ఇంకో 2 కలిపితే 12. బీమూ లింటెలూ రెంటినీ ముట్టుకోకుండా ఆ 23 లో 12 అంగుళాల కన్నం హాయిగా పడుతుంది. కన్నం పై అంచు బీము అడుగుకే తగలనివ్వండి. పైన ఒక వరస ఇటుక మిగిలితే అది వేలాడుతుంది, ఎప్పుడో రాలుతుంది.

యంత్రం నడవ పైన వేలాడుతుంది. గాలి గోడలోంచి అడ్డంగా హాల్లోకి వస్తుంది. హాలుకి ఫాల్స్ సీలింగే అక్కర్లేదు. ఉయ్యాల కొక్కేలు ఉన్నచోటే ఉంటాయి.

చల్లగాలి దారి ఒక్కటే చూస్తే ఇంతే. నిజానికి గీయాల్సినవి మూడు దారులు. గాలి వెళ్ళేది, గాలి తిరిగొచ్చేది, నీళ్ళు పోయేది. గొట్టం పనులు చెడేది ఎక్కువగా చివరి రెండిటి దగ్గరే.

నీళ్ళ సంగతి ముందు. మన తేమకి రెండున్నర టన్నుల యంత్రం గంటకి మూడు నాలుగు లీటర్ల నీరు దించుతుంది. ఆ నీళ్ళు వాటంతటవే జారిపోవాలంటే పైపుకి నూటికి ఒకటి చొప్పున వాలు కావాలి. నడవ నుంచి బాత్రూము మీదుగా పడమటి గోడకి 8 అడుగులు, వాలు ఒక్క అంగుళం. అదే యంత్రం హాలుకి తూర్పు చివర పెట్టి నీళ్ళు పెరట్లోకి తేవాలంటే 40 అడుగులు, వాలు 5 అంగుళాలు. సీలింగు పైన ఆ 5 అంగుళాలు ఉండవు. అప్పుడు పైపు మధ్యలో పొట్ట వేస్తుంది, నాచు పడుతుంది, ఆగస్టులో ఒక రోజు హాలు మధ్యలో పసుపు మరక దిగుతుంది. పైపు ఒక అంగుళం పీవీసీ, దానికీ ఇన్సులేషను, యంత్రం పక్కనే 2, 3 అంగుళాల లోతున యూ వంపు. వంపు లేకపోతే చాలా యంత్రాల్లో ఫ్యాను గాలిని లోపలికి పీలుస్తూ నీళ్ళని ట్రేలోనే నిలబెడుతుంది. పైపు చివర సెప్టిక్ పైపులో కలపకండి, ఆ వాసన పడగ్గదుల్లోకి వస్తుంది. పెరట్లో అరటి పాదులోకి వదిలేయండి.

తిరిగొచ్చే గాలి. రెండున్నర టన్నులకి నిమిషానికి సుమారు 900 నుంచి 1000 ఘనపుటడుగుల గాలి పోతుంది. పోయినంతా తిరిగి రావాలి. అందుకు 24 అంగుళాలకు 24 అంగుళాల గ్రిల్, వెనక కడుక్కునే జాలీ కావాలి. దాన్ని నడవ సీలింగులో హాలు వైపు అంచుకి పెట్టించండి. మధ్యలో పెడితే బాత్రూము తలుపు తీసినప్పుడల్లా ఆ గాలి యంత్రంలోకి పోయి ఇల్లంతా తిరుగుతుంది. బాత్రూములకి ఎగ్జాస్టు ఫ్యాను, తలుపులకి వాటంతటవే మూసుకునే స్ప్రింగు పెట్టిస్తే ఇంకా మంచిది. వంటింట్లోకీ పూజగదిలోకీ గొట్టం తీయకండి. చేపల తాలింపు, సాంబ్రాణి పొగ ఒకసారి యంత్రంలో గాలిని చల్లబరిచే కాయిల్ మీద పడితే నెలల తరబడి వదలవు.

ఇప్పుడు ఎంత యంత్రం, ఎవరికి అన్న ప్రశ్న. ఎండ పడే శ్లాబు కింద హాలుకి రెండున్నర టన్నులు, 12 అడుగులకు 14 అడుగుల పడగ్గదులకి ఒకటిన్నర చొప్పున, మొత్తం అయిదున్నర. అబ్బాయి చెప్పిందీ అయిదున్నరే, ఆ లెక్కలో తప్పు లేదు. మీ ముందు మూడు పద్ధతులున్నాయి.

మొదటిది అబ్బాయి అడిగినట్టే ఒక్క యంత్రం. నడవ పైనే పడుతుంది గానీ దాని ఎత్తే 18 అంగుళాల దాకా ఉంటుంది. నడవ సీలింగు 7 అడుగుల 6 అంగుళాలకి దిగుతుంది. ఆ సైజువి చాలావరకు త్రీ ఫేజువి. గోడలు శుభ్రంగా ఉంటాయి, ఒక్కసారి సర్వీసు చేయిస్తే చాలు, ఇవి లాభాలు. అయితే రాత్రి మీరిద్దరే పడుకున్నా అయిదున్నర టన్నులూ తిరుగుతాయి. మామగారి గది డ్యాంపరు (గొట్టంలో గాలిని ఆపే రేకు) మూసేస్తే ఆ గాలి మిగతా గొట్టాల్లోకి దూరి రొద చేస్తుంది, గాలి చాలక కాయిల్ మీద మంచు కడుతుంది. ఇంకొక చిక్కు, పడగ్గది తలుపు మూశాక లోపలికి వెళ్ళిన గాలి ఎలా తిరిగొస్తుంది? తలుపు కింద అంగుళం సందు చాలంటారు. 30 అంగుళాల తలుపుకి అది 30 చదరపు అంగుళాలు. నిమిషానికి 500 ఘనపుటడుగుల గాలి ఆ సందులోంచి పోదు, ఈల వేస్తుంది. ఆ గదిలో గాలి బిగిసి కిటికీ సందుల్లోంచి బయటికి పోతుంది, యంత్రం ఆ లోటుని హాలు సందుల్లోంచి తేమగాలి లాగి పూడ్చుకుంటుంది. కాబట్టి తలుపు పైన కనీసం 24 అంగుళాలకు 10 అంగుళాల జాలీ పెట్టాల్సి వస్తుంది. దాంట్లోంచి గాలితో పాటు టీవీ మాటలూ, మామగారి దగ్గూ కూడా వస్తాయి. కరెంటు పోతే ఇంత యంత్రాన్ని నడపడానికి పెద్ద జనరేటరు కావాలి.

రెండోది, హాలుకి మాత్రం రెండున్నర టన్నుల గొట్టం యంత్రం, మీ గదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్. మామగారి గదికి ప్రస్తుతం ఏమీ లేదు. గోడలో రాగి పైపు, నీళ్ళ పైపు, వైరు మాత్రం ఇప్పుడే వేసి మూతలు పెట్టి ఉంచడం. ఆయన కిటికీ తెరుచుకుని ఫ్యాను కింద పడుకుంటారు. ఆకాశం కనపడే మండువాలో పుట్టి పెరిగిన మనిషి, బయటి గాలి రాని గదిలో పడుకోలేకపోవడం మొండితనం కాదు. ఏ మే నెలలోనో ఆయనే అడిగితే ఒక్క పూటలో యంత్రం బిగించవచ్చు. అబ్బాయి కోరిక హాల్లో పూర్తిగా తీరుతుంది. వచ్చిన వాళ్ళకి కనపడేది హాలే కదా. నష్టం ఏమిటంటే యంత్రాలు రెండవుతాయి, మీ గది గోడకి ఒక డబ్బా ఉంటుంది.

మూడోది గొట్టమే వద్దనుకుని అన్నీ స్ప్లిట్‌లు. ఖర్చు తక్కువ, బాగుచేసే వాళ్ళు భీమవరంలోనూ పాలకొల్లులోనూ వీధికొకరు దొరుకుతారు. అబ్బాయి మనసు కష్టపడుతుంది, అంతే.

నా మొగ్గు రెండోదాని వైపు. కానీ ఏటా అబ్బాయి కుటుంబం రెండు నెలలు వచ్చి ఉంటుందంటే, గదులన్నీ ఒకేసారి వాడేది అప్పుడే అంటే, మొదటిదానికీ అర్థం ఉంది. అది మీ ఇంటి లెక్క.

రెండోది ఎంచుకుంటే కొలతలు ఇవీ. హాలు గోడలో రెండు గ్రిల్‌లు, ఒక్కొక్కటి 24 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు. గోడలో ఒక్కోదానికి 28 కి 12 అంగుళాల కన్నం. ప్లాస్టరింగుకి ముందే చెక్క చట్రం దిగ్గొట్టించండి. గ్రిల్ రేకులు కొద్దిగా పైకి తిప్పి ఉంచితే గాలి సీలింగు వెంట జారి ఎదుటి గోడ దాకా పోతుంది, ఉయ్యాలలో కూర్చున్నవారి మెడ మీద పడదు. గొట్టం 24 గేజు జీఐ రేకు, అతుకుల్లో గ్యాస్కెట్టు, పైన సీలెంటు, 6 నుంచి 8 అడుగులకొక వేలాడే రాడ్డు. మెత్తగా వంగే ఫ్లెక్సిబుల్ గొట్టం చివర 5 అడుగులకి మించనివ్వకండి. వంకర తిరిగితే గాలి ఆగిపోతుంది. పైగా మాసూళ్ళయ్యాక చేలల్లోంచి ఇళ్ళ మీద పడే ఎలుకలు మొదట కొరికేది దాన్నే.

ఇన్సులేషను దగ్గర బేరం ఆడొద్దు. ఏసీ కుర్రాడు 13 మిల్లీమీటర్లు చాలంటాడు. వానాకాలంలో ఏసీ ఆగి ఉన్నప్పుడు నడవ సీలింగు పైన 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉందనుకోండి. అక్కడి గాలి 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా చెమట కడుతుంది. ఏసీ వేసి లోపల 13 డిగ్రీల గాలి పోతుంటే, 13 మిల్లీమీటర్ల పొర పైభాగం సుమారు 26, 27 డిగ్రీలకి దిగుతుంది. అంటే చెమటే. 25 మిల్లీమీటర్లైతే 29 దగ్గర నిలుస్తుంది. తేడా రెండు మూడు డిగ్రీలే, కానీ జిప్సం బోర్డు మీద బూజు పడటం, పడకపోవడం ఆ తేడాలోనే ఉంది. నైట్రైల్ రబ్బరు, పైన అల్యూమినియం ఫాయిల్, అతుకులన్నిటికీ టేపు. గొట్టాన్ని మోసే కొక్కెం ఒత్తిడికి రబ్బరు నలిగిన చోట ముందు చుక్క పడుతుంది, అక్కడ చెక్క దిమ్మ పెట్టమనండి.

బయటి యంత్రాన్ని పడమటి గోడకి, వరద నీరు ఎప్పుడైనా వచ్చిన గుర్తు కన్నా పైన పెట్టించండి. బ్రాకెట్టు స్టెయిన్‌లెస్ స్టీలుది అడగండి. పైపుల కోసం గోడలో 3 అంగుళాల కన్నం ఇటుకలోనే, బయటికి కొద్దిగా వాలుగా తీయాలి. యంత్రంతో వచ్చే గ్యాసు సాధారణంగా 5 నుంచి 7.5 మీటర్ల పైపుకే సరిపోతుంది, మీ నడవ నుంచి అంతకన్నా తక్కువే. విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఎలక్ట్రీషియన్ చేత ఇప్పుడే లాగించండి.

నడవ మీద అటక కట్టించి ఇత్తడి గుండిగలు పెట్టుకోవాలనుకున్నట్టు రాశారు. అది కుదరదు, ఆ చోటు యంత్రానిదే. గుండిగలకి వంటింటి వైపు అటక చూసుకోండి. యంత్రం కింద 2 అడుగులకు 2 అడుగుల తలుపు మాత్రం తప్పకుండా వదలాలి. అది లేక తర్వాత సీలింగు పగలగొట్టించుకునే ఇళ్ళే ఎక్కువ.

అబ్బాయికి ఫోనులో వాదించకండి. ఈ 7 అడుగుల 6 అంగుళాలు, 9 అడుగుల 5 అంగుళాలు, మధ్యన 23 అంగుళాలు ఒక కాగితం మీద గీసి ఫోటో పంపండి. అంకెలు చూశాక అతను అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. మామగారికి గ్రిల్ ఏ గోడలో వస్తుందో, ఆయన గదికి ఏమీ రావడం లేదని సుద్దముక్కతో గోడ మీద గీసి చూపించండి. మీ వారిని మేస్త్రీ దగ్గర నిలబెట్టండి, కొలత టేపు రెండో కొస పట్టుకోవడానికైనా ఆయన కావాలి.

సీలింగు మూసే రోజు మీరు దగ్గరుండి యంత్రం ట్రేలో ఒక బకెట్టు నీళ్ళు పోయించండి. అరటి పాదులోకి మొత్తం వచ్చేదాకా బోర్డు బిగించనివ్వకండి.